నాలుగు డిగ్రీల గదిలో

తార్తులో బయట మైనస్ పంతొమ్మిది.
కోల్డ్ రూములో నాలుగు డిగ్రీలు.
అందుకే హెల్వె లోపలికి రాగానే కోటు విప్పుతుంది.
"వెచ్చగా ఉంది కదూ" అంటుంది,
ప్రతి ఫిబ్రవరిలోనూ అదే మాట, అదే నవ్వు.

ముందు చేతులు.
రెండు జతల గ్లవ్స్. బల్ల మీద మందు తుడుపు.
ఊపిరి కూడా పక్కకు తిరిగి వదలాలి.
మన చెమటలో, ఉమ్ములో, వేలికొసన
ఆర్ఎన్ఏ పోగుని ముక్కలు చేసే ఎంజైములుంటాయి.
మరగబెట్టినా చావని మొండి ఘటాలు.
పట్టుకోబోయే చెయ్యే దానికి మిత్తి.
నేను చేరిన రోజున హెల్వె ఒక్క ముక్కలో చెప్పింది:
"నిన్ను నువ్వు నమ్మకు."

తర్వాత కణాలను భయపెట్టాలి.
పళ్ళెంలో ఆర్సినైట్, ముప్పావు గంట.
అంతదాకా తమ పనిలో తాము తిరిగిన ఆర్ఎన్ఏలు
చదువుతున్న వాక్యం మధ్యలో ఆగిపోతాయి.
ప్రోటీన్లు వచ్చి చుట్టుకుంటాయి.
మైక్రోస్కోపు చీకట్లో
ఆకుపచ్చ రేణువులు, కింద ఒలికిన ఆవాల్లా.
గండం గడిచిందా, గుంపు చెదిరిపోతుంది.
ఎవరు ఎవరిని పట్టుకున్నారో
చెప్పే సాక్షి మిగలడు.

అందుకే ఆ వెలుగు.
పళ్ళేన్ని ఐసు మీద పెట్టి, మూత తీసి,
కంటికి ఆనని అతినీలలోహితం, కొన్ని క్షణాలు.
అప్పుడు ఎవరి చెయ్యి ఎవరి చేతిలో ఉందో
ఇక అది విడదు.
సబ్బు పోసినా విడదు, ఉప్పు పోసినా విడదు.

"మా అమ్మకు పదకొండేళ్ళు," అంది హెల్వె,
నేనేమీ అడగలేదు.
"మార్చి నెల. తలుపు కొట్టి గంట టైమిచ్చారు,
సైబీరియా రైలుకి.
ఆ గంటలో మా అమ్మమ్మ చేతికి తీసుకున్నది
పిండి కాదు, దుప్పటి కాదు,
గోడ గడియారంలోని లోలకం.
గడియారం కాదు. ఒట్టి లోలకం.
ఎనిమిదేళ్ళు మోసింది దాన్ని.
ఎందుకో ఆవిడకీ తెలీదు."

చెబుతూనే సూక్రోజ్ పోస్తోంది,
యాభై శాతం మీద నలభై, దాని మీద ముప్పై,
ట్యూబు గోడ వెంట, పొర చెదరకుండా.
ఆమె చెయ్యి వణకదు.
నాది వణికింది.

ఎదురెదురు ట్యూబులు వెంట్రుకవాసి తేడా లేకుండా తూచి
రోటర్లో పెట్టి మూత బిగించాం.
రాత్రంతా అది గిర్రున తిరుగుతూనే ఉంది,
కింది అంతస్తు వాచ్‌మన్ రైనో
నిద్రపట్టక తిట్టుకున్నాడట.
తెల్లారి పొర పొరా విడిగా తీసి,
యాంటీబాడీ తొడిగిన అయస్కాంతపు పూసలు కలిపి,
అయిదుసార్లు కడిగి, జెల్ మీద ఎక్కించాం.

వెండి రంగు పట్టేటప్పుడు
నాలుగో వరుసలో గీత లేచింది,
కాటుక దిద్దినట్టు.
కారెల్ ఎగిరి గంతేశాడు.
గంతు సగంలో ఉండగా మూడో వరుస కనబడింది.
యాంటీబాడీ లేని ఒట్టి పూసలవి.
అక్కడా అదే గీత.
సన్నగా, కానీ అదే.

ఎవరూ మాట్లాడలేదు.
ఆరు వారాలు బూడిదలో పోసిన పన్నీరు.
పూసలకి ఏదో ఒకటి అంటుకోవాలి కాబట్టి
అంటుకుంది, అంతే.
దాన్ని పట్టు అనుకున్నాం మేము.

హెల్వె నోటుబుక్కులో రాసింది:
ముందు ఒట్టి పూసలతో ఒక వడపోత. ఉప్పు రెట్టింపు.
కింద గీత గీసి తేదీ వేసింది.

"ఆ లోలకం ఇప్పుడెక్కడుంది?" అడిగాను.
"వంటింటి డ్రాయర్లో, గరిటెల మధ్య.
చపాతీ కర్రకి అడ్డం వస్తుందని
మా ఆయన రోజూ సణుగుతాడు... 
కాదులే, రొట్టెల కర్రకి," అని సరిదిద్దుకుంది,
నిరుడు మా ల్యాబులో ఉండి వెళ్ళిన
ఢిల్లీ అమ్మాయి నేర్పిన మాట
ఇంకా నాలుక మీదే ఉంది ఆమెకి.

తర్వాత కొత్త గ్లవ్స్ తీసింది,
రెండు జతలు.